గూడుబండికి మళ్లీ ఊపిరి!

గోడకు మేకు కొట్టమంటే వేలు చితక్కొట్టుకునే సాఫ్ట్‌వేర్ ఇంజినీరు, 36 ఏళ్ల పాత మోటర్‌హోమ్ కొన్నాడు. తనే బాగుచేసుకుంటానన్నాడు. ఆర్నెల్లలో అమ్మానాన్నలు వస్తారు, ఆ బండిలో అమెరికా చూపించాలన్నది ఆయన కల. కల సంగతి సరే... ముందు పైకప్పు కారుతోందే!

‘‘ఏమోయ్ బామ్మర్దీ, ఇంకో ఇల్లు కొన్నాం’’ అన్నాడు బావ ఫోన్‌లో. 2022 అక్టోబరు మాట.

‘‘ఎన్ని గదులు బావా?’’

‘‘గదుల సంగతేమో కానీ, చక్రాలు మాత్రం ఆరు!’’

వెనక నుంచి అక్క గొంతు వినిపించింది. ‘‘చక్రాలున్న సంగతి కాదు, చిల్లులున్న సంగతి చెప్పండి.’’ అప్పటికి ఆ బండి వాళ్ల పెరట్లోకి వచ్చి మూడు రోజులే అయింది.

మన దగ్గర కారవాన్ అంటే షూటింగు గ్యాప్‌లో హీరోగారు సేదతీరే ఏసీ బండి. అమెరికాలో అలా కాదు. అక్కడది మధ్యతరగతి కుటుంబాల వేసవి ఇల్లు. మా అక్కావాళ్లుండేది ఒహాయో రాష్ట్రంలో. వాళ్లు కొన్నది 1986లో తయారైన 24 అడుగుల బండి. ముందు భాగం మామూలు వ్యాను, వెనక భాగం పెట్టెలాంటి ఇల్లు. డ్రైవరు నెత్తి మీదకు చొచ్చుకొచ్చిన అటకలాంటి చోట ఓ మంచం. లోపల గ్యాస్ పొయ్యి, సింకు, ఫ్రిజ్, హీటరు, అగ్గిపెట్టెంత బాత్‌రూమ్. బల్ల మడిస్తే అదో మంచం. మన పాతకాలపు గూడుబండికి ఇంజినూ వంటిల్లూ పెడితే ఎలా ఉంటుందో అదన్నమాట.

ఎందుకు కొన్నాడంటే దానికో కథుంది. బావ అమ్మానాన్నలు 2023 మే నెలలో అమెరికా వెళ్లేలా టిక్కెట్లు తీసుకున్నారు. అత్తయ్యగారు బయట మెతుకు ముట్టరు. హోటల్ గదిలో రైస్‌కుక్కర్ పెడితే పొగ అలారం ఎప్పుడు మోగుతుందోనని భయం. మరి ఎల్లోస్టోన్ వేడినీటి బుగ్గలు చూపించాలంటే ఒహాయో నుంచి రెండున్నర వేల కిలోమీటర్లకు పైనే. వంటిల్లు కూడా వెంట వస్తే? ఆలోచన బ్రహ్మాండం. కొత్త బండి కొనాలంటే లక్ష డాలర్ల మాట. పాతది ఓ రైతు షెడ్డులో దొరికింది... 4,500 డాలర్లకు. అప్పటి లెక్కన 3 లక్షల 70 వేల రూపాయలు. ‘‘వీకెండ్స్‌లో నేనే చేసుకుంటా. ఏముంది, కాస్త రంగూ, కర్టెన్లూ’’ అన్నాడు బావ.

చెయ్యి గోడలోకి దిగింది!

నాలుగో రోజు అక్క ఆ అటక మంచం ఎక్కి, కర్టెన్ కొలతలు తీసుకుంటూ ముందు గోడ మీద చెయ్యి ఆనించింది. అంతే, అయిదు వేళ్లూ లోపలికి దిగబడ్డాయి. పైన కొత్త వాల్‌పేపర్ నిగనిగలాడుతోంది. దాని వెనక ప్లైవుడ్ తడిసిన రస్కులా ఉంది. ఆ వెనకున్న చెక్క రీపర్లు వేలితో నలిపితే నల్లటి పొడిగా రాలాయి.

మొదటిసారి మోటర్‌హోమ్ బాగుచేసుకోవాలనుకునే వాళ్లకి ఎదురయ్యే అసలు విలన్ ఇంజిన్ కాదు. నీళ్లు! ఇంజిన్ పాడైతే చప్పుడు చేసి చెబుతుంది. నీళ్లు ఏళ్ల తరబడి గోడల మధ్య కూర్చుని మాట్లాడకుండా తినేస్తాయి. ఆ తరం బళ్లలో చాలావాటికి అస్థిపంజరం చెక్కే. సన్నటి రీపర్లతో చట్రం కట్టి, మధ్యలో థర్మోకోల్‌లాంటిది నింపి, బయట అల్యూమినియం రేకు, లోపల పల్చటి ప్లైవుడ్ బిగించేవారు. ఇల్లయితే కదలదు. ఇది రోడ్డు మీద గతుకు గతుక్కీ ఒళ్లు విరుచుకుంటుంది. ఆ ఊపులకు అతుకులు వెంట్రుకవాసి తెరుచుకుంటాయి. వెంట్రుకవాసి సందు చాలు వాననీటికి. చెక్కలో తేమ 20 శాతం దాటి అలాగే నిలిచి ఉంటే పుచ్చు పట్టించే శిలీంధ్రానికి పండగే.

మరి సరిగ్గా ఆ అటక దగ్గరే ఎందుకు? బండి నుదుటి మీద వరసగా అయిదు చిన్న లైట్లుంటాయి. వెడల్పాటి బండి వస్తోందని ఎదుటివాళ్లకు తెలియడానికి అక్కడి రూలు ప్రకారం పెట్టేవి. ఒక్కో లైటుకీ రెండేసి స్క్రూలు, ఓ వైరు రంధ్రం. దాని వెనక రబ్బరు వాషర్ ఎండి పగిలిందంటే, ఎదురుగాలికి వాన నీరు నేరుగా మంచంలోకే. అందుకే ఈ తరహా బండి చూడబోయిన అనుభవజ్ఞులు ముందు ఇంజిన్ మూత తీయరు. అటకెక్కి మూలలు నొక్కుతారు, వాసన చూస్తారు. గోడకు కొత్త కాగితం, కొత్త రంగు కనిపిస్తే ఇంకాస్త గట్టిగా నొక్కుతారు. ఓ దబ్బనం జేబులో వేసుకెళ్తే చాలు, గట్టి చెక్కలోకి అది దిగదు.

బావ జేబులో ఆ రోజు చెక్‌బుక్ మాత్రమే ఉంది.

సోకు ఈనాటిది కాదు

బండిలో కాపురం పెట్టాలన్న సరదా వాళ్లకి నిన్నమొన్నటిది కాదు. హాలీవుడ్ తార మే వెస్ట్ కోసం తయారైన 1931 షెవర్లే ‘హౌస్‌కార్’ ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్ మ్యూజియంలో ఉంది. ఆ ఊరూ చుట్టుపక్కల ప్రాంతమూ ఈ బళ్ల తయారీకి పెట్టింది పేరు. జర్మనీలో వెస్ట్‌ఫాలియా కంపెనీ 1951లోనే ఫోక్స్‌వ్యాగన్ వ్యానులో మంచమూ అరలూ అమర్చింది. అయోవాలోని ఫారెస్ట్ సిటీ అనే చిన్న ఊళ్లో మొదలైన విన్నెబాగో 1966 నుంచి మోటర్‌హోమ్‌లు చేయడం మొదలుపెట్టి, వాటిని మామూలు కుటుంబాలకూ అందుబాటులోకి తెచ్చింది. 1973 నుంచి 78 దాకా జీఎంసీ తయారుచేసిన మోటర్‌హోమ్‌లకు ఇప్పటికీ వీరాభిమానులున్నారు. వాటి బాడీ చట్రం అల్యూమినియం, ఒళ్లు ఫైబర్‌గ్లాస్‌తో అల్యూమినియం. ఆ చట్రంలో పుచ్చడానికి చెక్క లేదు మరి! యాభై ఏళ్ల బండి ఇంకా రోడ్ల మీద కనిపిస్తోందంటే అదో కారణం.

కొవిడ్ వచ్చి విమానాలూ హోటళ్లూ మూతబడ్డాక ఈ మోజు మరీ పెరిగింది. 2021లో అమెరికాలో 6 లక్షలకు పైగా కొత్త ఆర్‌వీలు (వెనక తగిలించుకు లాక్కెళ్లే ట్రైలర్లతో కలిపి) తయారై షోరూములకు చేరాయి. ఆ ఏడాదే ఆస్కార్ ఉత్తమ చిత్రంగా నిలిచిన ‘నోమాడ్‌లాండ్’ కూడా ఓ వ్యానులో బతికే మహిళ కథే. కొత్తవి కొనలేనివాళ్ల చూపు పాతవాటి మీద పడింది. షెడ్డుల్లో కోళ్లు గుడ్లు పెట్టుకుంటున్న బళ్లకు కూడా గిరాకీ వచ్చేసింది. మా బావ కొన్నది ఆ వేడిలోనే.

తప్పు మీద తప్పు

చెయ్యి లోపలికి దిగిన సంగతి తెలిశాక బావ ఏం చేశాడు? మనమైనా అదే చేస్తాం. హార్డ్‌వేర్ షాపుకెళ్లి నాలుగు సిలికాన్ ట్యూబులు తెచ్చి, పైకెక్కి, కనిపించిన ప్రతి సందులోనూ దట్టంగా కూరేశాడు. బాత్‌రూమ్ టైల్స్ మధ్య బ్రహ్మాండంగా పనిచేసే సిలికాన్ ఇక్కడ పనికిరాదు. ఊగే రేకు మీద పట్టు వదిలేస్తుంది. అంతకన్నా పెద్ద చిక్కు, ఒకసారి అది పూశాక దాని మీద ఇంకే సీలెంటూ అతుక్కోదు. కొత్త సిలికాన్ కూడా సరిగ్గా అతకదు. నవంబరులో రెండు ఆదివారాలు పూసింది, ఏప్రిల్‌లో ప్లాస్టిక్ బ్లేడుతో నాలుగు ఆదివారాలు గీకి తీయాల్సి వచ్చింది.

ఈలోగా ఎలుకలు. రైతు షెడ్డులో ఏళ్ల తరబడి ఉన్న బండి కదా... సోఫా కింద ఎలుక పిల్లలు కాపురం పెట్టిన గూళ్లు, పెంటికలు. అక్క చీపురూ వ్యాక్యూమ్ క్లీనరూ పట్టుకుని దిగబోతుంటే, పక్కింటి పెద్దాయన కంచె అవతలి నుంచి కేకేసి ఆపాడట. అమెరికాలో కొన్ని రకాల ఎలుకల మలమూత్రాల్లో హంటా వైరస్ ఉండొచ్చు. ఊడిస్తే ఆ ధూళి గాల్లోకి లేచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అరుదే, కానీ సోకితే ప్రాణాల మీదికి తెస్తుంది. అక్కడి ఆరోగ్యశాఖ చెప్పే పద్ధతి ఏంటంటే... ముందు తలుపులన్నీ బార్లా తెరిచి గాలి ఆడనివ్వాలి. చేతికి గ్లౌజులు తొడుక్కుని, బ్లీచ్ కలిపిన నీళ్లు చల్లి, అయిదు నిమిషాలు నానాక కాగితంతో తుడిచి పారేయాలి. ఆ పెద్దాయన పుణ్యమా అని ఓ గండం గడిచింది.

డిసెంబరులో మంచు మొదలైంది. గడ్డకట్టే చలిలో సీలెంటు పట్టదు. జనవరిలో తెలిసింది, నీళ్ల పైపులు కూడా పగిలాయని. చలికాలానికి ముందు పైపుల్లోని నీరంతా వదిలేసి, తాగునీటి పైపుల కోసం ప్రత్యేకంగా తయారుచేసిన గులాబీరంగు యాంటీఫ్రీజ్ పోయాలట. లేకపోతే నీరు గడ్డకట్టి, ఉబ్బి, పైపును చీల్చేస్తుంది. బావకి ఆ సంగతే తెలీదు.

ఫిబ్రవరిలో ఫోన్ చేసినప్పుడు ఆయన గొంతులో పాత ఉత్సాహం లేదు. ‘‘అమ్మేద్దామనుకుంటున్నానోయ్. ఎవరు కొంటారు దీన్ని?’’ అన్నాడు. ఆ వారమే అక్క లెక్కల పుస్తకంలో బండి ఖర్చు, కొన్న ధర కాకుండా, 3 వేల డాలర్లు దాటింది. ఇద్దరి మధ్యా మాటలు తగ్గాయని ఆమె చెప్పలేదు కానీ, నాకర్థమైంది.

మామయ్యగారు దిగారు

మే నెలలో అత్తయ్యగారూ మామయ్యగారూ దిగారు. ఎల్లోస్టోన్‌కి బదులు వాళ్లకి పెరట్లో టార్పాలిన్ కప్పిన బండి కనిపించింది. మామయ్యగారు ఆర్టీసీ వర్క్‌షాపులో బాడీ సెక్షన్‌లో 30 ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషి. జెట్‌లాగ్ తీరకుండానే మర్నాడు పొద్దున్నే టార్పాలిన్ ఎత్తి చూశారు. అరగంట తిరిగారు. ‘‘ఒరేయ్, దీనికి రంగెందుకు వేశావురా?’’ అన్నారట. అవును, బావ ఒక పక్కన రంగు కూడా వేసేశాడు. నీలం రంగు, తెల్ల గీత.

ఆయన చెప్పిన వరస చాలా సాదా. ముందు పైనుంచి నీరు ఆగాలి. తర్వాత పుచ్చిందంతా తీసేయాలి. ఎంత పుచ్చిందో అంత వరకూ కాదు, గట్టి చెక్క తగిలే వరకూ. ఆపైన బండి ఆగాలి, అంటే బ్రేకులు. ఆ తర్వాతే బండి కదలాలి. కర్టెన్లు చిట్టచివర.

జూన్ అంతా తండ్రీకొడుకులు పైకప్పు మీదే. గాలి గొట్టం, నిచ్చెన, లైట్లు... బిగించి ఉన్న ప్రతిదాన్నీ ఊడదీశారు. కింద పాత జిగురు శుభ్రంగా గీకి, బ్యూటైల్ టేపు పరిచి మళ్లీ బిగించారు. ఇది లప్పంలా మెత్తగా ఉంటుంది, ఏళ్లు గడిచినా రాయిలా గట్టిపడదు. బండి ఊగితే తనూ సాగుతుంది. స్క్రూల తలల మీద పైకప్పు కోసం అమ్మే సీలెంటు పోశారు. అటక ముందు గోడ మొత్తం విప్పి, లోపల డీహ్యూమిడిఫయర్ పెట్టి మూడు వారాలు ఆరబెట్టారు. ఇక్కడే తొందరపడతారట చాలామంది. తడి లోపల ఉంచి కొత్త ప్లైవుడ్ కొడితే రెండేళ్లకి మళ్లీ అదే కథ. కొత్త రీపర్లు కోసి, జిగురుతో స్క్రూలతో చట్రం కట్టింది మాత్రం బావే. మామయ్యగారు కింద కుర్చీ వేసుకుని చూశారు. ‘‘నేను చేస్తే గంట పని. వాడికి రెండు రోజులు పట్టింది. పట్టనీ’’ అన్నారు నాతో వీడియో కాల్‌లో.

టైర్ల విషయంలో తండ్రీకొడుకులకు గొడవైంది. ఆరు టైర్లకీ గాళ్లు నిండుగా ఉన్నాయి, కొత్తవాటిలా. ఎందుకు మార్చాలంటాడు బావ. మామయ్యగారు కళ్లజోడు పెట్టుకుని టైరు పక్క అంచున చెక్కిన అంకెలు చూపించారు: 2309. అంటే 2009వ సంవత్సరం 23వ వారంలో తయారైందని. అప్పటికి 14 ఏళ్లు! ఇలాంటి బళ్ల టైర్లు అరిగి పాడవవు, నిలబడి ముసలివవుతాయి. అంచున సన్నటి పగుళ్లు, లోపల పట్టు వదిలిన పొరలు. వేసవి ఎండలో, నాలుగు టన్నుల బరువుతో, హైవే మీద ముందు టైరు పేలితే ఇంకేం మిగలదు. ఆరూ మార్చారు. వెయ్యి డాలర్లకు పైనే అయింది. బ్రేకు గొట్టాలూ మార్చారు, కానీ ఆ పని మెకానిక్ చేతే చేయించారు. తెలియని పని ఎక్కడ మొదలవుతుందో మామయ్యగారికి బాగా తెలుసు.

కనిపించని శత్రువు

గ్యాస్ జోలికి బావని అసలు పోనివ్వలేదు. మన సిలిండర్లో ఎక్కువగా ఉండే బ్యూటేన్, సున్నా డిగ్రీల దగ్గరకొస్తే ఆవిరి కావడం మానేస్తుంది. అందుకే చలిదేశాల బళ్లలో ప్రొపేన్ వాడతారు, అది మైనస్ 42 డిగ్రీల దాకా ఆవిరవుతుంది. రెండూ గాలికన్నా బరువే. లీకైతే పైకి పోవు, బండి నేల మీద మడుగు కడతాయి. నేల మీదే కదా పిల్లలు ఆడేది! మనవాళ్లు పైపుకి సబ్బు నురగ రాసి బుడగలొస్తాయేమో చూస్తారే, అక్కడా మొదటి పరీక్ష అదే. కానీ అది చాలదు. లైసెన్సున్న టెక్నీషియన్ వచ్చి మొత్తం లైన్‌కి ప్రెషర్ పెట్టి చూశాడు. తర్వాత హీటర్ విప్పాడు.

లోపల మంటకూ గదిలోకి వచ్చే వేడిగాలికీ మధ్య ఓ రేకు గది ఉంటుంది. దాని మీద బెత్తెడు పగులు. అలాగే వెలిగించి తలుపులు బిగించుకు పడుకుని ఉంటే, రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ మెల్లగా నిండేది. తెల్లారేసరికి లేచేవాళ్లు కారు. ఇద్దరు పిల్లలకూ పడక వేద్దామనుకున్నది ఆ హీటరు పక్కనే. ఆ మాట చెబుతున్నప్పుడు అక్క కాసేపు ఆగిపోయింది. హీటరు తీసి కొత్తది పెట్టారు. కార్బన్ మోనాక్సైడ్ అలారం, గ్యాస్ అలారం కూడా. పాత బండి కొన్నవాళ్లు కర్టెన్ల కన్నా ముందు కొనాల్సినవి ఆ రెండే. ఖర్చు కూడా వంద డాలర్ల లోపే.

ఫ్రిజ్ మాత్రం ఎవరూ ముట్టుకోకుండానే పనిచేసింది. అందులో కంప్రెసర్ ఉండదు, చప్పుడూ ఉండదు. చిన్న గ్యాస్ మంటతో అమ్మోనియాను మరిగించి చల్లదనం పుట్టిస్తుంది. 1922లో స్వీడన్‌లో ఇద్దరు ఇంజినీరింగ్ విద్యార్థులు, ఫాన్ ప్లాటెన్, ముంటర్స్ కనిపెట్టిన పద్ధతి. ‘‘పొయ్యి మీద ఐసు’’ అని అత్తయ్యగారు పేరు పెట్టారు. బండి వాలుగా నిలబెడితే అలుగుతుందట, సమంగా ఉండాలి.

ఆఖర్న అక్క ముచ్చట. వంటగట్టుకి రాయి, నేలకి టైల్స్ వేద్దామంది. మామయ్యగారు అడ్డం తలూపారు. ప్రతి బండికీ మొత్తం ఎంత బరువు మించకూడదో తలుపు దగ్గర రేకు మీద రాసి ఉంటుంది. వంద లీటర్ల నీళ్లు పోస్తేనే వంద కిలోలు. మనుషులు, సామాను, పచ్చళ్ల జాడీలు. లారీలు తూచే కాటా మీదకి తీసుకెళ్లి చూస్తే, అనుమతించిన దాంట్లో మిగిలింది 300 కిలోలే. టైల్స్ అయితే ఊపుకి పగులుతాయి కూడా. పల్చటి వినైల్ షీటుతో సరిపెట్టుకుంది అక్క.

మన దగ్గర ఎవరైనా ఈ సరదా పడతారేమో, ఓ మాట. పాత వ్యానో బస్సో కొని ఇల్లుగా మార్చేస్తామంటే కుదరదు. కంపెనీ ఇచ్చిన రూపానికి భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ కట్టడి చేస్తుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దాన్నే గట్టిగా చెప్పింది. రవాణాశాఖ కార్యాలయంలో అడిగి, అనుమతి తీసుకున్నాకే ఉలి పట్టుకోవాలి.

వాన పడిన రాత్రి

అక్క పుస్తకంలో చివరి లెక్క: కొన్నది 4,500, పెట్టింది 9,200 డాలర్లు. అమ్మితే అందులో సగం రావడం కష్టం. బావ సెలవులు అయిపోయాయి. పెద్దవాళ్ల తిరుగు ప్రయాణం అక్టోబరులో. ఎల్లోస్టోన్ కుదరలేదు.

సెప్టెంబరులో ఓ శుక్రవారం సాయంత్రం ఇంటికి గంట దూరంలో ఉన్న పార్కుకి వెళ్లారు. ఆరుగురూ. దారిలో ఒకసారి ఆగారు, ఓ అల్మారా తలుపు ఊడి చింతకాయ పచ్చడి సీసా దొర్లిందని. అత్తయ్యగారు అడవి మధ్యలో చారు కాచారు. పక్క బండి వాళ్లు వాసనకి వచ్చి పలకరించారట. పిల్లలు అటక మీద, పెద్దవాళ్లు వెనక మంచం మీద, బావా అక్కా మడతబల్ల మీద పడుకున్నారు.

రాత్రి రెండింటికి వాన మొదలైంది. రేకు మీద చినుకుల మోతకి బావ లేచి కూర్చున్నాడు. చీకట్లో చూస్తే మామయ్యగారు అప్పటికే లేచి, అటక దగ్గర నిలబడి, నిద్రపోతున్న మనవల పక్కనుంచి చెయ్యి చాచి గోడ తడుముతున్నారు. ఓ మూల... ఇంకో మూల... అయిదు లైట్ల వెనకా.

‘‘పొడిగానే ఉందిరా. పడుకో’’ అన్నారు.

పొద్దున్నే అక్క లేచి కాఫీ పెడుతుంటే, వంటగట్టు పైన కిటికీ అంచు నుంచి ఓ చుక్క ఆమె చేతి మీద పడింది. మరో నిమిషానికి ఇంకోటి. ఆ కిటికీ వాళ్లు విప్పలేదు. బావ స్వెటర్ తొడుక్కుని, ఆ ఊళ్లో హార్డ్‌వేర్ షాపు ఎన్నింటికి తీస్తారో కనుక్కోవడానికి బయల్దేరాడు.